బైక్ టైరులో గాలి ఎంత ఉండాలి? ఎప్పుడు, ఎలా చూసుకోవాలి?

ఇప్పుడు వస్తున్న చాలా కార్లలో టైరులో గాలి తగ్గితే డ్రైవర్ ఎదురుగా ఉన్న డిస్‌ప్లే మీద హెచ్చరిక లైటు వెలుగుతుంది. భారత్‌లో రోడ్ల మీద తిరిగే మోటార్‌సైకిళ్లు, స్కూటర్లలో అత్యధిక భాగానికి ఆ సదుపాయం లేదు.

ఒక టైరు దెబ్బతింటే కారును నిలబెట్టడానికి మరో మూడు చక్రాలు ఉంటాయి. బైకుకు మిగిలేది ఒక్కటే.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ప్రయాణిస్తున్నవారే. అంటే మొత్తం మరణాల్లో 44 శాతానికి పైగా.

ఈ ప్రమాదాలన్నిటికీ టైర్లే కారణమని చెప్పలేం. అతివేగం నుంచి హెల్మెట్ లేకపోవడం వరకు కారణాలు అనేకం. కానీ బ్రేక్ వేసినా, మలుపు తిరిగినా, గుంతను తప్పించుకోవాలని హ్యాండిల్ తిప్పినా చివరకు ఆ పని చేయాల్సింది రోడ్డును తాకుతున్న టైరు భాగమే. అది సరిగా పనిచేయాలంటే లోపల తగినంత గాలి ఉండాలి.

మరి ఆ 'తగినంత' అంటే ఎంత? అది ఎవరు చెప్పాలి? ఎప్పుడు కొలవాలి?

బండి బరువును మోసేది గాలే

టైరు రబ్బరుతో చేసిందే అయినా బండి బరువులో ఎక్కువ భాగాన్ని మోసేది లోపల ఒత్తిడితో ఉన్న గాలి.

ఒక చిన్న లెక్క చూద్దాం. వెనక చక్రం మీద 100 కిలోల బరువు పడుతోందనుకుందాం. టైరులో గాలి ఒత్తిడి 28 పీఎస్ఐ ఉంటే, అది చదరపు సెంటీమీటరుకు దాదాపు 2 కిలోలతో సమానం. అంటే ఆ బరువును మోయడానికి టైరు సుమారు 50 చదరపు సెంటీమీటర్ల మేర రోడ్డుకు ఆనుకుంటుంది. రబ్బరు గట్టిదనాన్ని బట్టి ఇందులో కొంత తేడా ఉండొచ్చు.

50 చదరపు సెంటీమీటర్లంటే అటూ ఇటూ ఏడు సెంటీమీటర్ల ముక్క. మన అరచేయి అంత కూడా ఉండదు. బండికి, రోడ్డుకు మధ్య పట్టు అంతా ముందొకటి, వెనకొకటిగా ఉండే ఆ రెండు ముక్కల మీదే ఆధారపడి ఉంటుంది.

గాలి తగ్గితే ఈ ముక్క పెద్దదవుతుంది, ఎక్కువైతే చిన్నదవుతుంది. టైరు ఆకారం, రబ్బరు మందం, బండి బరువు అన్నీ లెక్కేసి ఒక మధ్యస్థ ఒత్తిడిని కంపెనీ నిర్ణయిస్తుంది. మనం కొట్టించాల్సింది అదే.

ఆ అంకె ఎక్కడ ఉంటుంది?

మోటార్‌సైకిళ్లలో సాధారణంగా చైన్ కవర్ మీద గానీ, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీద గానీ ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. స్కూటర్లలో సీటు కింద లేదా ముందు భాగంలో ఉంటుంది. స్టిక్కర్ చెరిగిపోతే బండితో ఇచ్చిన యజమాని పుస్తకంలో చూడొచ్చు. చాలా కంపెనీలు ఆ పుస్తకాన్ని తమ వెబ్‌సైట్‌లోనూ ఉంచుతున్నాయి.

స్టిక్కర్ మీద సాధారణంగా రెండు వరుసలు కనిపిస్తాయి. ఒకటి ఒక్కరే నడిపేటప్పుడు, రెండోది వెనక మరొకరు కూర్చున్నప్పుడు. ప్రతి వరుసలో ముందు టైరుకు ఒక అంకె, వెనక టైరుకు ఒక అంకె ఉంటాయి.

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 100 నుంచి 125 సీసీ బళ్లలో ముందు టైరుకు సుమారు 22 నుంచి 25 పీఎస్ఐ, ఒక్కరే నడిపితే వెనక టైరుకు సుమారు 28 నుంచి 30 పీఎస్ఐ కనిపించడం మామూలే. వెనక మనిషి కూర్చుంటే వెనక టైరు ఒత్తిడి ఇంకా పెంచమని కంపెనీలు చెబుతాయి. పెద్ద బళ్లలో ఈ అంకెలు వేరుగా ఉంటాయి. అందుకే పక్కింటివారి బండి అంకె మీ బండికి పనికిరాకపోవచ్చు.

కొన్ని స్టిక్కర్ల మీద పీఎస్ఐకి బదులు వేరే కొలమానాలు ఉంటాయి. 1 కేజీ పర్ స్క్వేర్ సెంటీమీటర్ అంటే 14.2 పీఎస్ఐ. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ. 200 కిలోపాస్కల్ అంటే 29 పీఎస్ఐ.

టైరు పక్కన ఉన్న అంకె వేరు

చాలామంది టైరు పక్క భాగంలో అచ్చు వేసి ఉన్న ఒత్తిడి అంకెను చూసి అంత గాలి కొట్టిస్తుంటారు. అది ఆ టైరు గరిష్ఠ బరువును మోయడానికి సంబంధించిన ఒత్తిడి. మీ బండికి కావాల్సిన ఒత్తిడి కాదు. అదే టైరును వేర్వేరు బరువులున్న బళ్లకు వాడతారు. బండికి ఎంత కావాలో చెప్పేది బండి కంపెనీయే.

అయితే టైరు మీద ఉన్న మిగతా గుర్తులు తెలుసుకోవడం మంచిదే. ఉదాహరణకు 100/90-17 55పి అని ఉంటే, టైరు వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు ఆ వెడల్పులో 90 శాతం, రిమ్ 17 అంగుళాలు. 55 అనేది బరువుకు సంకేతం, అంటే 218 కిలోలు. 'పి' అంటే గరిష్ఠంగా గంటకు 150 కిలోమీటర్ల వేగం.

ఆ 218 కిలోలను మోసే శక్తి టైరులో తగిన గాలి ఉన్నప్పుడే ఉంటుంది. గాలి సగానికి పడిపోయిన టైరు మీద ముగ్గురు ఎక్కినా, గ్యాస్ సిలిండర్లు, పాల క్యాన్లు కట్టినా ఆ హామీ వర్తించదు.

టైరు ఎప్పుడు తయారైందో తెలిపే నాలుగు అంకెలు కూడా పక్కనే ఉంటాయి. 2223 అని ఉంటే 2023లో 22వ వారం అని అర్థం.

షాపులో అందరికీ ఒకే లెక్క

పెట్రోల్ బంకులో గానీ, పంక్చర్ షాపులో గానీ బండి ఆపితే చాలాచోట్ల గాలి కొట్టేవారు అడగకుండానే ఒక అలవాటు లెక్క ప్రకారం కొట్టేస్తారు. వారు రోజుకు పదుల సంఖ్యలో బళ్లను చూస్తారు. ఒక్కో మోడల్‌కు ఎంత కావాలో గుర్తు పెట్టుకోవడం వారికి సాధ్యం కాదు.

కాబట్టి 'ముందు 25, వెనక 29' అని మనమే చెప్పాలి. ఆ అంకెలను ఫోన్‌లో రాసి పెట్టుకోవచ్చు, పెట్రోల్ ట్యాంకు మూత లోపల చిన్న కాగితం అంటించుకోవచ్చు. డిజిటల్ యంత్రం ఉన్న బంకుల్లో ముందు టైరు అయ్యాక వెనక టైరుకు అంకె మార్చారో లేదో చూసుకోవాలి.

దేశంలో పెట్రోల్ బంకుల్లో వాహనాలకు గాలి ఉచితంగా అందించాలన్నది చమురు సంస్థల నిబంధన. అక్కడ పెట్రోల్ పోయించుకోకపోయినా అడగొచ్చు.

టైరు చల్లగా ఉన్నప్పుడే ఎందుకు కొలవాలి?

కంపెనీ చెప్పే అంకె చల్లని టైరుకు సంబంధించింది. ఇక్కడ చల్లగా అంటే చలికాలం అని కాదు. బండి కనీసం మూడు గంటలు నీడలో ఆగి ఉండటం, లేదా ఒకటి రెండు కిలోమీటర్ల కంటే ఎక్కువ నడపకపోవడం.

బండి నడుస్తున్నప్పుడు టైరు వంగుతూ, నిటారవుతూ ఉంటుంది. ఆ ఒరిపిడికి వేడెక్కుతుంది. లోపలి గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. 30 పీఎస్ఐ ఉన్న టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి దాదాపు 1.5 పీఎస్ఐ పెరుగుతుంది.

రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల వేసవి మధ్యాహ్నం హైవే మీద గంట సేపు నడిపి ఆగితే గేజ్ మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపించడం సహజం. టైరు తయారీలోనే ఆ పెరుగుదలను లెక్కలోకి తీసుకుంటారు. ఎక్కువైందని అప్పుడు గాలి తీసేస్తే, మర్నాడు ఉదయం టైరు చల్లబడ్డాక అది ఉండాల్సిన దానికంటే తక్కువకు పడిపోతుంది.

'ఎండాకాలం కదా, గాలి తక్కువ కొట్టించాలి' అనే మాట తరచూ వినిపిస్తుంటుంది. దీనివల్ల జరిగేది వ్యతిరేకం. గాలి తక్కువైన టైరు ఎక్కువగా వంగుతుంది, ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. వేసవిలో టైర్లు పేలడానికి ఇది ఒక ముఖ్య కారణం.

చలికాలంలో, కొండల మీద ఏమవుతుంది?

దిల్లీలో అక్టోబరు మధ్యాహ్నం 34 డిగ్రీల వద్ద 30 పీఎస్ఐ కొట్టించి వదిలేశారనుకుందాం. జనవరి తెల్లవారుజామున 6 డిగ్రీలకు పడిపోయే సరికి, ఎక్కడా లీకు లేకపోయినా ఆ టైరులో 26 పీఎస్ఐ మాత్రమే ఉంటుంది. దీనికి తోడు రబ్బరు గుండా గాలి నెమ్మదిగా బయటకు పోతూనే ఉంటుంది. లీకు లేని టైరులోనూ నెలకు ఒకటి రెండు పీఎస్ఐ తగ్గడం మామూలే.

ఎత్తైన ప్రాంతాలకు వెళ్లినప్పుడు లెక్క ఇంకోలా మారుతుంది. హైదరాబాద్, విశాఖపట్నం నుంచి లద్దాఖ్‌కు బైకుల మీద, లేదా అక్కడికి చేరుకుని అద్దె బైకుల మీద తిరిగేవారికి ఇది అవసరం.

గేజ్ చూపించేది టైరు లోపలి ఒత్తిడికి, బయటి వాతావరణ ఒత్తిడికి మధ్య ఉన్న తేడాను. సముద్ర మట్టం దగ్గర వాతావరణ ఒత్తిడి 14.7 పీఎస్ఐ. సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో అది దాదాపు 9.5 పీఎస్ఐ. అంటే టైరులో గాలి అంతే ఉన్నా, ఎత్తు వల్లే గేజ్ 5 పీఎస్ఐ దాకా ఎక్కువ చూపిస్తుంది.

అయితే పైన చలి కూడా ఉంటుంది. విశాఖలో 30 డిగ్రీల వద్ద 28 పీఎస్ఐ ఉన్న టైరు, లేహ్‌లో 10 డిగ్రీల వద్ద దాదాపు 30 పీఎస్ఐ చూపిస్తుంది. చలి వల్ల తగ్గేది, ఎత్తు వల్ల పెరిగేది చాలావరకు సరిపోతాయి. అందుకే కనుమ దారి ఎక్కగానే ఆగి గాలి తీసేయాల్సిన పని లేదు. బస చేసిన చోట ఉదయం చల్లని టైరును కొలిచి, తేడా ఎక్కువగా ఉంటేనే సరిచేసుకోవాలి.

పైన సరిచేసుకున్నవారు కిందికి దిగాక మళ్లీ కొలవడం మర్చిపోకూడదు. లేహ్‌లో 10 డిగ్రీల దగ్గర 28 పీఎస్ఐ పెట్టిన టైరు, 30 డిగ్రీల మైదాన ప్రాంతానికి వచ్చేసరికి సుమారు 25.5 పీఎస్ఐ చూపిస్తుంది.

గాలి తక్కువైతే...

టైరు పక్క గోడలు ఎక్కువగా వంగుతాయి, వేడెక్కుతాయి. లోపలి దారాల పొరలు బలహీనపడతాయి. బయటకు ఏమీ కనిపించకపోవచ్చు.

హ్యాండిల్ బరువుగా అనిపిస్తుంది. మలుపుల్లో బండి ఒదిగినట్టు ఉండదు, తేలిపోతున్నట్టు ఉంటుంది. గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్‌కు తగులుతుంది. అల్లాయ్ వీల్ వంగడానికి, బీటలు పడటానికి ఇది ఒక కారణం.

ట్యూబ్ ఉన్న టైరులో మరో ప్రమాదం ఉంది. గాలి బాగా తగ్గితే టైరు రిమ్ మీద జారుతుంది. దాంతో పాటు ట్యూబ్ కూడా జరిగి, వాల్వ్ మొదట్లో చిరుగుతుంది. అప్పుడు గాలి ఒక్కసారిగా పోతుంది. వాల్వ్ నిటారుగా కాకుండా పక్కకు ఒరిగి కనిపిస్తే వెంటనే షాపులో చూపించాలి.

ఇంధనం కూడా ఎక్కువ ఖర్చవుతుంది. ఎలక్ట్రిక్ స్కూటరైతే ఒక చార్జింగ్‌తో వెళ్లే దూరం తగ్గుతుంది. వెనక పెద్ద సంచితో రోజంతా తిరిగే డెలివరీ సిబ్బందికి ఇది నేరుగా రోజు సంపాదన మీద పడే భారం. వారు స్టిక్కర్‌లో ఏ వరుస పాటించాలో తేల్చుకోవాలంటే సంచి బరువును చూసుకోవాలి. వెనక ఓ మనిషి కూర్చున్నంత బరువు ఉంటే రెండో వరుసే సరైనది.

ఎక్కువైతే...

టైరు మధ్య భాగం మాత్రమే రోడ్డును తాకుతుంది, అక్కడే అరుగుతుంది. గతుకుల్లో బండి ఎగురుతుంది. ఎగిరిన క్షణంలో టైరుకు పట్టు ఉండదు, బ్రేక్ సరిగా పనిచేయదు. తడి రోడ్డు మీద, ఇసుక పరుచుకున్న మలుపుల్లో జారే అవకాశం పెరుగుతుంది.

'కాస్త ఎక్కువ కొట్టిస్తే మైలేజీ వస్తుంది' అని నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ పెట్టించేవారు ఈ పట్టును వదులుకుంటున్నట్టే.

ఎలా కొలవాలి?

బొటనవేలితో నొక్కి, కాలితో తన్ని చూస్తే తెలియదు. 20 పీఎస్ఐకి, 28 పీఎస్ఐకి తేడా చేతికి అందదు. ట్యూబ్‌లెస్ టైరైతే పక్క గోడలు గట్టిగా ఉంటాయి కాబట్టి గాలి బాగా తగ్గినా చూడటానికి మామూలుగానే ఉంటుంది.

చేతిలో పట్టే ప్రెజర్ గేజ్ ఒకటి కొనుక్కుంటే చాలు. బంకుల్లో యంత్రాల మధ్య తేడాలు ఉండొచ్చు. ఎప్పుడూ ఒకే గేజ్ వాడితే గాలి ఎంత తగ్గిందో స్పష్టంగా తెలుస్తుంది.

1. ఉదయం బండి తీయకముందు వాల్వ్ మూత తీసి, గేజ్‌ను నిటారుగా గట్టిగా నొక్కాలి. బుస్సుమని శబ్దం వస్తుంటే సరిగా కూర్చోలేదని అర్థం.

2. రెండుసార్లు కొలిచి అంకె ఒకటే వస్తోందో లేదో చూడాలి.

3. తగ్గితే కొట్టించాలి. బంకు దూరంగా ఉండి, వెళ్లేసరికి టైరు వేడెక్కుతుందనుకుంటే ఇంట్లో ఎంత తగ్గిందో చూసుకుని, అక్కడ గేజ్ చూపించే అంకెకు అంత కలిపి కొట్టించాలి.

4. గాలి కొట్టాక వాల్వ్ మీద కాస్త సబ్బు నీళ్లు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. వస్తే లోపలి పిన్ను మార్చాలి. చాలా తక్కువ ఖర్చుతో అయ్యే పని.

5. మూత తప్పకుండా పెట్టాలి. అది దుమ్ము, నీరు వాల్వ్‌లోకి వెళ్లకుండా ఆపుతుంది.

రెండు వారాలకోసారి, దూర ప్రయాణానికి ముందు, బరువు మారినప్పుడు కొలవాలి. ఒక టైరులో మాత్రమే వారానికి రెండు మూడు పీఎస్ఐ తగ్గుతుంటే అది స్లో పంక్చర్. ట్యూబ్‌లెస్ టైరులో మేకు గుచ్చుకున్నా గాలి నెమ్మదిగానే పోతుంది కాబట్టి, కొలవకపోతే రోజుల తరబడి తెలియకపోవచ్చు.

నైట్రోజన్ తప్పనిసరా?

కాదు. మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. విడిగా నింపే నైట్రోజన్‌లో తేమ ఉండదు, టైరు నుంచి కొంత నెమ్మదిగా బయటకు పోతుంది. ఆ మేరకు లాభమే. కానీ వేడికి అది కూడా దాదాపు మామూలు గాలిలాగే వ్యాకోచిస్తుంది. నైట్రోజన్ నింపించామని కొలవడం మానేయకూడదు. నైట్రోజన్ దొరకని చోట మామూలు గాలి కలిపినా నష్టం లేదు.

హెచ్చరించే పరికరాలు

టైరులో గాలి ఒత్తిడిని నిరంతరం గమనించే వ్యవస్థను టీపీఎంఎస్ అంటారు. అమెరికాలో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాలకు అమర్చిన ఫైర్‌స్టోన్ టైర్లు విఫలమై పలువురు చనిపోయిన తర్వాత 2000లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం 2007 సెప్టెంబరు నుంచి తయారైన కార్లు, తేలికపాటి వాహనాలకు ఈ వ్యవస్థ తప్పనిసరి అయింది. యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి చేశారు. ఈ రెండూ మోటార్‌సైకిళ్లకు వర్తించవు.

బైకుల్లో కొన్ని ఖరీదైన మోడళ్లకే కంపెనీ నుంచి ఈ సదుపాయం వస్తోంది. మిగతావారు విడిగా కొనుక్కోవచ్చు. వాల్వ్ మూత స్థానంలో బిగించే సెన్సర్లు సులువు. అవి ఫోన్‌కు గానీ, హ్యాండిల్ మీద పెట్టే చిన్న తెరకు గానీ ఒత్తిడిని పంపిస్తాయి. వీటిని దొంగలు తీసుకెళ్లే అవకాశం ఉంది, బ్యాటరీ అయిపోతుంది, సరిగా బిగించకపోతే సెన్సరే లీకుకు కారణమవుతుంది. రిమ్ లోపల అమర్చేవి వీటికంటే భద్రం కానీ టైరు విప్పాలి. పంక్చర్ జెల్ పోయించేవారు అది సెన్సర్‌ను మూసేస్తుందేమో ముందే కనుక్కోవాలి.

లైటు వెలగలేదంటే అంతా బాగున్నట్టు కాదు. అమెరికా నిబంధన ప్రకారం ఒత్తిడి సిఫారసు కంటే 25 శాతం తగ్గినప్పుడు హెచ్చరిక వస్తే సరిపోతుంది. అంటే 32 ఉండాల్సిన టైరు 24కు పడిపోయే దాకా లైటు వెలగకపోవచ్చు.

నడుస్తుండగా గాలి పోతే?

బండి వెనక భాగం ఊగుతున్నట్టు అనిపిస్తే వెనక టైరు, హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకు లాగుతుంటే ముందు టైరు అయ్యే అవకాశం ఎక్కువ.

ఒక్కసారిగా బ్రేక్ వేయకూడదు. హ్యాండిల్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ నెమ్మదిగా తగ్గించి, బండిని నిటారుగా ఉంచుతూ రోడ్డు పక్కకు తేవాలి. బ్రేక్ వేయక తప్పకపోతే గాలి ఉన్న చక్రం బ్రేక్‌నే మెల్లగా వాడాలి.

'దేవుడి చర్య' కాదన్న కోర్టు

పుణె నుంచి ముంబయి వెళ్తున్న ఒక కారు 2010లో టైరు పేలి ప్రమాదానికి గురైంది. ఒకరు చనిపోయారు. పరిహారం చెల్లించాలన్న ట్రైబ్యునల్ ఆదేశాన్ని బీమా సంస్థ బాంబే హైకోర్టులో సవాలు చేసింది. టైరు పేలడం మనిషి చేతిలో లేని 'దేవుడి చర్య' అని వాదించింది.

2023లో హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. టైరు పేలడం ప్రకృతి విపత్తు కాదని, అతివేగం, గాలి తక్కువ కావడం, ఎక్కువ కావడం, పాత టైర్లు వాడటం, వేడి లాంటివి అందుకు కారణాలని పేర్కొంది. ప్రయాణానికి ముందు టైర్ల పరిస్థితి చూసుకోవాల్సిన బాధ్యత వాహనం నడిపేవారిదేనని స్పష్టం చేసింది.

ఆ కేసు కారుకు సంబంధించింది. అయినా కోర్టు చెప్పిన కారణాలన్నీ బైకు టైరుకూ వర్తించేవే. వాటిలో గాలి ఎక్కువ తక్కువలను సరిచేసుకోవడానికి కావాల్సినవి ఒక గేజ్, స్టిక్కర్ మీది నాలుగు అంకెలు, ఉదయం బండి తీసే ముందు ఐదు నిమిషాలు.